తిప్పమ్మ చూడని గది

తిప్పమ్మకు చదవడం రాదు. మహిళా సంఘంలో చేరాక సంతకం ఒక్కటి నేర్చుకుంది. మా కాలేజీలో డిగ్రీ ముగించిన పిల్లలకు ఉద్యోగాలిస్తామన్న పద్నాలుగు చోట్లకు, వాళ్లకంటే ముందు ఆమె పోయి చూసి వచ్చింది. పదిహేనో చోటికి పోలేదు. పోనక్కర లేదని చెప్పింది నేనే.

నా పేరు జయచంద్ర. కంబదూరు చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లలు వచ్చే ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. కరోనా తగ్గిన ఏడాది మా క్లాసుల్లో సగం బెంచీలు ఖాళీ. ఫీజు కట్టి చేరినవాళ్లే కొందరు బెంగుళూరులో సెంట్రింగ్ పనికి వెళ్లిపోయారు. కొందరికి పెళ్లిళ్లయ్యాయి. కొందరు ఎక్కడున్నారో హాజరు పట్టీకి తెలియదు, మాకూ తెలియదు. అప్పుడు ఒక స్వచ్ఛంద సంస్థ, మా కాలేజీ, పల్లెల్లోని మహిళా సంఘాలు కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాయి. దానికి ‘తోడు’ అని పేరు పెట్టారు. బస్సు పాసులు, ఇంగ్లీషు, కంప్యూటర్ తరగతులు సంస్థ చూసుకుంటుంది, చదువయ్యాక కంపెనీలనూ పిలుచుకొస్తుంది. పాఠాలూ పరీక్షలూ మావి. సంఘాల వంతుకు వచ్చింది ఒక్కటే. ఒక్కో ఆడమనిషి అయిదుగురు పిల్లల్ని తన పేరు మీద రాయించుకోవాలి, వాళ్లు మధ్యలో చదువు మానకుండా చూడాలి.

సంఘం మీటింగులో ఈ సంగతి చెప్పాం. వెనక గోడకు ఆనుకొని కూర్చున్న ఒకామె అడిగింది.

“అంటే ఏం చేయాల సార్? దినామూ కొట్టి పంపాల్నా?”

అందరూ నవ్వారు.

“కొట్టక్కర లేదక్కా. రాకపోతే ఏంటికి రాలేదో కనుక్కుంటే చాలు.”

“అదైతే నాకొచ్చు. రాసుకో, తిప్పమ్మ.”

ఆమెకప్పుడు నలభై ఎనిమిదేళ్లు. భర్త చెన్నప్ప. వానను నమ్ముకున్న మూడెకరాల ఎర్రనేల, అందులో ఏటా శెనక్కాయ, అది చాలక ఏటా కూలిపని. పెళ్లయిన కొత్తలో ఆరేళ్లు బెంగుళూరులో ఇద్దరూ కట్టడం పనికి పోయారు. అక్కడ రేకుల షెడ్డులో ట్యాంకరు నీళ్లు తాగి, ఏడాదిన్నర కూతురు వాంతులూ విరేచనాలతో రెండు రోజుల్లో పోయింది. ఆ మాట ఆమె నాకు చెప్పలేదు. చెన్నప్ప చెప్పాడు, చాలా కాలం తర్వాత.

మొదటి ఏడాది ఆమె పని చూసి మేమే ఆశ్చర్యపోయాం. కేశవ అని ఒక పిల్లవాడు నాలుగు రోజులు కాలేజీకి రాలేదు. తండ్రి కుళ్లాయప్ప వాణ్ణి ఒక మేస్త్రీకి అప్పగించేందుకు మాట ఇచ్చేశాడు. తిప్పమ్మ వాళ్ల ఊరికి నడిచిపోయి, వాళ్ల అరుగు మీద కూర్చుంది.

“ఎవరమ్మా నువ్వు, మా ఇంటికొచ్చి కూర్చుండావు?” అన్నాడు కుళ్లాయప్ప.

“మీ పిల్లోడికి సంతకం పెట్టిన మనిషిని. వాడు కాలేజీకి పోయినాక నేనూ పోతా. అంతదాకా రెండు ముద్దలు సంగటి పెట్టండి.”

రెండు రోజులు ఉంది. ఆ ఇంటి పేడ ఎత్తింది, కల్లాపి చల్లింది, కుళ్లాయప్ప తల్లికి కాళ్లు పిసికింది. మూడో రోజు పొద్దున కేశవను బస్సెక్కించి తన ఊరికి వచ్చేసింది. కేశవ ఇప్పుడు హిందూపురంలో ఒక మందుల గోడౌనులో సూపర్‌వైజరు.

ఉద్యోగాల సంగతిలోనూ ఆమే ముందు నోరు తెరిచింది. మొదటిసారి ఒక కంపెనీ మనిషి వచ్చి, తెర మీద బొమ్మలు చూపించి, జీతమెంతో, పనివేళలేవో చెప్పి కూర్చున్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. తిప్పమ్మ లేచి నిలబడింది.

“పిల్లోళ్లు యాడ పండుకుంటారప్పా?”

“హాస్టల్ ఉందమ్మా.”

“అది నేను చూడాల.”

అతను నవ్వేశాడు. ఆమె నవ్వలేదు. మరుసటి వారం నేనూ ఆమె బస్సెక్కి వెళ్లాం. ప్రతిచోటా ఆమె అడిగేవి మూడే. నీళ్లు యాడివి? దొడ్డికి యాడికి పోవాల? జ్వరమొస్తే ఎవరు పిలుచుకొని పోతారు? జవాబు విని ఊరుకునేది కాదు. నీళ్ల తొట్టి మూత తీసి చెయ్యి ముంచి, వాసన చూసేది. మరుగుదొడ్డి లోపలికి పోయి గడియ పడుతుందో లేదో వేసి చూసేది. పద్నాలుగు చోట్లలో మూడు వద్దంది. ఒక చోట ఆడపిల్లల స్నానాల గదికి లోపల గడియ లేదు. కంపెనీవాళ్లు మరమ్మతు చేయిస్తామన్నారు. “చేయించినాక పిలవండి, వస్తా” అని వచ్చేసింది. వాళ్లు మళ్లీ పిలవలేదు.

ఆమె అయిదుగురిలో త్రివేణి ఒకతె. తల్లి నల్లమ్మ తిప్పమ్మతో పాటే కూలికి పోయే మనిషి. భర్త చాలా ఏళ్ల కిందే చనిపోయాడు. త్రివేణి తర్వాత శశి అని ఇంకో కూతురు. త్రివేణి బీయస్సీ. గట్టిగా నవ్వేది. ఎవరైనా జాలిపడితే మాత్రం ముఖం తిప్పుకునేది. చదివింది ఎవరికైనా అప్పజెబితే తప్ప దానికి గుర్తుండేది కాదు. ఇంట్లో తల్లి కునికిపాట్లు పడుతుందని తిప్పమ్మ దగ్గరికి వచ్చేది. తిప్పమ్మ విత్తనానికి శెనక్కాయలు వొలుస్తూ కూర్చుంటే, ఆ పిల్ల ఎదురుగా కూర్చొని రసాయనశాస్త్రం చెప్పేది.

“నాకేం అర్థమైతాది పాపా?” అనేది తిప్పమ్మ.

“నీకర్థం కావల్ల అని కాదు పెద్దమ్మా. నేను యాడ తడబడతానో చూడు. తడబడితే చెయ్యెత్తు.”

తిప్పమ్మ నిజంగానే చెయ్యెత్తేది. మూడేళ్లు అట్లా గడిచాయి. త్రివేణి ఫస్టు క్లాసులో పాసయింది. వాళ్ల వీధిలో డిగ్రీ ముగించిన మొదటి పిల్ల అది.

ఆ నవంబరులో బెంగుళూరు దారిలోని ఒక ఫ్యాక్టరీ నుంచి కబురు వచ్చింది. ల్యాబులో నాణ్యత పరీక్షించే పని, ఆరుగురు ఆడపిల్లలు కావాలి, సోమవారమే చేరాలి. సరిగ్గా అప్పుడే తుపాను వాన పట్టుకుంది. తిప్పమ్మ చేలో శెనక్కాయ చెట్లు పీకి పడేసి ఉన్నాయి. ఇంకో రోజు తడిస్తే కాయ నల్లబడుతుంది, మేత కుళ్లిపోతుంది. చెన్నప్ప ఆయాసంతో మంచం దిగడం లేదు. ఆమె నాకు ఫోన్ చేసింది. ఫోనులో వాన చప్పుడు వినబడుతోంది.

“సార్, రెండు దినాలు ఆగమను. కాయ ఎత్తిపెట్టి నేనొస్తా. చూసొచ్చినాక పంపుదాం.”

“వాళ్లు ఆగరక్కా. వేరే కాలేజీ పిల్లల్ని తీసుకుంటామంటున్నారు. వీడియో కాల్‌లో రూము చూపించినారు. బాగుంది. కొత్తగా రంగులేసినారు.”

“నీళ్లు?”

“క్యాన్ నీళ్లంట.”

“నువ్వు చూసినా అంటాండావు కదా, సరే సార్” అంది.

ఆ ఏడాది సంస్థకు మేం చూపించాల్సిన ఉద్యోగాల లెక్కలో ఇంకా ఆరు తక్కువగా ఉన్నాయి. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

సోమవారం వ్యాను వచ్చింది. త్రివేణి కిటికీ పక్కన కూర్చొని చెయ్యి ఊపింది. నల్లమ్మ ఏడ్చింది, నవ్వింది కూడా. తిప్పమ్మ చేలో నుంచి రాలేకపోయింది.

వీడియోలో నాకు చూపించిన గది ఆఫీసువాళ్లది. పిల్లలకిచ్చింది వెనక సందులో పదిమంది కూడా పట్టని గది. అందులో పద్నాలుగు మంది. ల్యాబు లేదు. పెట్టెల్లో వస్తువులు సర్దే వరస మీద పన్నెండు గంటలు నిలబడే పని. మొదటి మూడు నెలల్లో రెండు రోజులు మానితే పేరు కొట్టేస్తారు. ఇవేవీ త్రివేణి ఇంటికి చెప్పలేదు. ఫస్టు క్లాసు పిల్ల తిరిగి వచ్చిందంటే ఊరు ఏమంటుందో అని దానికి భయమని తర్వాత తోటి పిల్లలు చెప్పారు. ఏడో వారంలో తిప్పమ్మతో ఫోనులో అన్నదట, “అలుపుగా ఉండాది పెద్దమ్మా, అన్నం సయించదు.” తిప్పమ్మ వెంటనే “నీళ్లు యాడివి తాగుతాండావు?” అని అడిగింది. “క్యాన్‌వే పెద్దమ్మా” అంది త్రివేణి. క్యాను నిజమే. దాన్ని నింపేది సంపులో నీళ్లతో.

జ్వరంతోనే తొమ్మిది రోజులు పనికి పోయింది. కళ్లు పచ్చబడ్డాయని పక్క పిల్లలు అంటే, లైట్ల వల్ల అట్లా కనబడతాందని కోప్పడిందట. పదో రోజు వరస మీదే పడిపోయింది. ఆస్పత్రిలో చేర్చేసరికే కామెర్లు ముదిరి కాలేయం చెడిపోయిందన్నారు. కంపెనీ కాగితాల్లో ఫోన్ నంబరు నాది. చేర్చినట్టు నాకు ఎవరూ చెప్పలేదు. మామూలు జ్వరమే, ఇళ్లకు చెప్పి భయపెట్టొద్దని తోటి పిల్లలతో అన్నారట. నాలుగో రోజు పొద్దున, చనిపోయిందని చెప్పడానికి ఫోన్ చేశారు.

నేను నేరుగా తిప్పమ్మ ఇంటికి పోయాను. నా ముఖం చూసి ఆమె చేటను కింద పెట్టింది. చెప్పాను.

“నల్లమ్మకు చెప్పినావా?”

“లేదక్కా.”

“నువ్వు చెప్పొద్దు. నేను చెప్తా. నువ్వు నా యనక నిలబడు.”

నల్లమ్మ ఊరి బయట ఎవరిదో చేలో కంది కోస్తోంది. గట్టు మీద మమ్మల్ని చూసి కొడవలి పట్టుకునే వచ్చింది. తిప్పమ్మ ముందు ఆమె చేతిలోంచి కొడవలి తీసుకుంది. తర్వాత రెండు భుజాలూ పట్టుకొని, “నల్లమ్మా, త్రివేణి ల్యాకపాయె” అంది. నల్లమ్మకు అర్థం కాలేదు. “యాడికి పోయింది?” అని అడిగింది. ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఊళ్లో మమ్మల్ని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. మిగతా అయిదుగురు పిల్లల్ని మర్నాడే ఇళ్లకు తెచ్చేసుకున్నారు. ఆ పల్లెల నుంచి మా కాలేజీకి వచ్చే ఇరవై ఇద్దరు ఆడపిల్లల్లో తొమ్మిది మంది నెల తిరక్కుండా చదువు మానేశారు. “చదివిచ్చి చంపినారు” అన్న మాట బస్టాండులో నా వెనక వినబడింది. తిరిగి చూడలేదు. తిప్పమ్మను కూలికి పిలవడం కొన్నాళ్లు మానేశారు. ఆమె గడప దాటలేదు. శశి ఇంటర్ మొదటి ఏడు చదువుతుండేది. దారిలో తిప్పమ్మ ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోయేది.

ఫిబ్రవరిలో సంస్థవాళ్లు మీటింగు పెట్టారు. నివేదిక చదివారు. ‘ఆరోగ్య కారణాల వల్ల ఒక విద్యార్థిని మరణించడం దురదృష్టకరం’ అని ఒక వాక్యం ఉంది. ఆమెకు ముందు నుంచే ఏదో జబ్బు ఉండి ఉండవచ్చని కంపెనీ రాసిచ్చిన ఉత్తరం దానికి జతచేసి ఉంది. పిలవకపోయినా తిప్పమ్మ వచ్చింది. చదవడం అయ్యేదాకా ఆగింది.

“ఆ పాపకు ఏ జబ్బూ లేదు. దాన్ని మూడేండ్లు చూసినా నేను” అంది. “ఆ కాయితంలో నా పేరు రాయండి. సార్ పేరు గూడా రాయండి. ఎవరూ పోయి చూడకుండా పంపినామని రాయండి.”

“అట్లా రాస్తే కార్యక్రమమే ఆగిపోతుందమ్మా” అన్నాడు సంస్థ అధికారి, మెల్లగా.

ఆమె నా వైపు చూసింది. నేను ముందున్న కాగితాలు సర్దుకున్నాను. ఎవరూ రాయలేదు. ఆమె చెప్పులు వేసుకొని వెళ్లిపోయింది.

జూన్‌లో ఒక ఆదివారం తిప్పమ్మా నల్లమ్మా మా ఇంటికి వచ్చారు. నల్లమ్మ సగానికి సగం అయిపోయింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

“ఆ రూము చూడాల సార్” అంది.

“ఇప్పుడు ఏంటికమ్మా?”

“నా బిడ్డ పండుకున్న తావు నేను చూడల్యా. చూడాల.”

తిప్పమ్మ చేతిలో సంచి ఉంది. అప్పటికే బయల్దేరి వచ్చారని అర్థమైంది. చొక్కా తొడుక్కొని నేనూ పోయాను.

ఫ్యాక్టరీకి సెలవు. కాలేజీ మనిషినని చెబితే గేటు దగ్గర ఉన్నతను వెనక సందు చూపించాడు. తలుపు తీసే ఉంది. మధ్యాహ్నం మూడు గంటలకు కూడా లోపల లైటు వేసుకొని ఉన్నారు. నేల మీద చాపలు, గోడ నిండా మేకులకు తగిలించిన బట్టలు. పిల్లలు కొత్తవాళ్లు. మడకశిర నుంచి కొందరు, గుమ్మఘట్ట నుంచి కొందరు, కర్ణాటక పిల్లలు ముగ్గురు. త్రివేణి కిటికీ కింద పడుకునేదని తోటి పిల్లలు ముందే చెప్పి ఉన్నారు. కిటికీ కింద ఇప్పుడు ఇంకెవరిదో పెట్టె, దాని మీద దువ్వెన. నల్లమ్మ ఆ పెట్టెను కదపకుండా పక్కన కూర్చుంది. గోడను అరచేత్తో తాకింది. పిల్లలు మాటలు ఆపేసి చూస్తున్నారు.

తిప్పమ్మ బయట సంపు దగ్గరికి పోయింది. మూత సగం విరిగి ఉంది. దాని పక్కనే మురుగు కాలువ. ఆమె చెయ్యి ముంచలేదు. అక్కడే కూలబడి తల పట్టుకుంది. అంత దాకా ఆమె ఏడవగా నేను చూడలేదు.

లోపలి నుంచి నల్లమ్మ కేక వినబడింది. పరుగెత్తుకొని పోయాం. మూలన ఒక పిల్ల గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. నల్లమ్మ ఆ పిల్ల గడ్డం పట్టుకొని, కంటి కింది రెప్ప వేలితో లాగి చూస్తోంది.

“తిప్పక్కా, రా, చూడు. పచ్చగుండాది.”

ఆ పిల్ల పేరు సువర్ణ, గుమ్మఘట్ట దగ్గరి ఊరు. “ఏం లేదమ్మా, సుస్తు అంతే. రేపు డ్యూటీకి పోవల్ల, సెలవు లేదు” అంటూ లేవబోయింది, కాళ్లు నిలబడలేదు. వార్డెన్ వచ్చింది.

“మీరెవరు? పర్మిషన్ లేకుండా పిల్లల్ని ముట్టుకుంటున్నారే?”

“నీ పర్మిషన్‌కు ఒక పాపను ఇచ్చినాం. ఇంగొకటి ఇయ్యం” అంది తిప్పమ్మ. “సార్, ఆటో పిలువు.”

నల్లమ్మ అప్పటికే సువర్ణను ఎత్తుకొని ఉంది. వార్డెన్ గడపలో అడ్డం నిలబడింది. నల్లమ్మ ఆగలేదు. ఆమెను భుజంతో పక్కకు తోసుకొని బయటికి వచ్చేసింది.

ఇంకో వారం ఆలస్యమై ఉంటే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరు అన్నాడు. అమ్మానాన్నలు వచ్చేదాకా రెండు రోజులు, వచ్చాక ఇంకో రెండు రోజులు నల్లమ్మ ఆ మంచం దగ్గరి నుంచి కదల్లేదు. కొబ్బరినీళ్లు తాగించింది, తల దువ్వింది. సువర్ణ తల్లి దండం పెట్టబోతే ఆమె చేతులు పట్టుకొని ఆపి, ఆస్పత్రి మెట్ల మీదికి పోయి కూర్చుంది. తిరుగు బస్సులో పెనుకొండ దాటాం. తర్వాత నల్లమ్మ తనలో తాను అన్నట్టుగా అంది.

“నేను ఆ దినమే పోయింటే, నా బిడ్డ గూడా బతికుండునేమో.”



ఈసారి కార్మిక శాఖకు ఫిర్యాదు నేనే రాశాను. నా పేరుతో రాశాను, వీడియో చూసి పంపిన సంగతితో సహా. అధికారులు వచ్చి ఆ గది మూయించారు, పిల్లల్ని వేరే చోటికి మార్చారు. ఫ్యాక్టరీ ఒక్క రోజు కూడా ఆగలేదు. త్రివేణి విషయంలో ఎవరి తప్పూ తేలలేదు. మరుసటి మార్చికి సంస్థ తన పని ముగించుకొని వేరే జిల్లాకు వెళ్లిపోయింది. ‘తోడు’ పేరున్న బోర్డు మా ఆఫీసు గది బయట ఇంకా ఉంది. ఎవరూ తీయలేదు.

తిప్పమ్మ తన పేరు మీద రాయించుకున్న అయిదుగురిలో ఇద్దరు మంచి ఉద్యోగాల్లో ఉన్నారు. ఒకడు ఆఖరి ఏడు మానేసి బెంగుళూరులో టైల్స్ పరుస్తున్నాడు. ఒక పిల్లకు పెళ్లయింది. ఒకతె లేదు. ఊరి మనిషి పోయి చూసి రానిదే ఏ పిల్లనూ ఎక్కడికీ పంపకూడదని కాలేజీలో తీర్మానం రాయించాను. అది తెలిసి మా దగ్గరికి వచ్చే కంపెనీలు పదకొండు నుంచి మూడుకు పడిపోయాయి. ప్రిన్సిపాల్ నన్ను రెండుసార్లు పిలిచి అడిగాడు. ఆ మూడు చోట్లకూ ఇప్పుడు తిప్పమ్మా నల్లమ్మా కలిసి పోతున్నారు. బస్సు ఖర్చు నేనిస్తానంటే తిప్పమ్మ తీసుకోదు. నల్లమ్మ నీళ్లు చూస్తుంది. ఆ పని ఆమెకు వదిలేసి తిప్పమ్మ మిగతావి చూస్తుంది.

శశి ఇంటర్ మంచి మార్కులతో పాసయింది. డిగ్రీలో చేర్పించమని నల్లమ్మను అడిగాను. “నేను వద్దనల్యా సార్. అదే ఒప్పుకోదు. దాన్ని అడగొద్దు” అంది. రాయదుర్గంలో బట్టలు కుట్టే చోటికి పోతానంటోందట.

ఈ ఏడాది డిగ్రీ దరఖాస్తులకు ఆఖరి రోజున తిప్పమ్మ పొద్దున్నే కాలేజీకి వచ్చింది. శశికి కబురు పంపానని, వస్తే తానే దగ్గరుండి రాయిస్తానని చెప్పి, కంప్యూటర్ గది ఎదురుగా సిమెంటు బెంచీ మీద కూర్చుంది. మధ్యాహ్నం నేను అన్నం తెప్పిస్తే సగం తిని మూత పెట్టింది. వచ్చే పోయే పిల్లల ముఖాలు చూస్తూనే ఉంది. ఇద్దరు ముగ్గురు ఆమెను గుర్తుపట్టి, “పెద్దమ్మా, బాగుండావా?” అని పలకరించారు.

అయిదింటికి కంప్యూటర్లు ఆపేశారు. గది తాళం వేస్తుంటే లేచి వచ్చి, “ఇంగ కాదా సార్?” అని అడిగింది.

“కాదక్కా.”

“సరే. మల్ల ఏడాది చూద్దాం” అని, చెంగుతో ముఖం తుడుచుకొని, కంబదూరు బస్సుకు టైమైందని నడిచి పోయింది.